కొండ మీది ఊరికి ఆఖరి రెండు కిలోమీటర్లు

రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వైపు వెళ్లే ప్రాంతీయ రైలెక్కి, గంటకు పైగా ప్రయాణించి ఓర్వియేతోలో దిగితే ఎదురుగా ఊరు ఉండదు. బస్టాపు, కార్ల పార్కింగు, ఒకటి రెండు కాఫీ కొట్లు ఉంటాయి. తలెత్తి చూస్తే నిటారుగా చెక్కి నిలబెట్టినట్టు గోధుమ రంగు రాతి గోడ, దాని అంచున ఇళ్లు. మనం చూడాలని వచ్చింది పైనున్న ఊరు, రైలు దింపింది కింద. తిరుపతిలో రైలు దిగి తిరుమల కొండ వైపు చూసినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు.

మధ్య ఇటలీలోని టస్కనీ, ఉంబ్రియా ప్రాంతాల నిండా ఇలాంటి ఊళ్లే. సియెనా, పెరూజా, అసీసీ, కొర్తోనా, మోంతెపుల్చానో, సాన్ జిమిన్యానో... పేర్లు వేరైనా పోలిక ఒకటే. చుట్టూ ప్రాకారం, నడుమ చర్చి, రాళ్లు పరిచిన ఇరుకు వీధులు, కింద లోయలో ద్రాక్ష, ఆలివ్ తోటలు. వీటిని చూడాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది ‘బస్సా, రైలా, కారా?’ అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: కొండ పాదం నుంచి పైకి ఎలా చేరాలి? ఆఖరి ఆ రెండు మూడు కిలోమీటర్ల సంగతి తెలిస్తే మిగతా ప్రయాణం దానంతటదే తేలిపోతుంది. జవాబు ఊరూరికీ మారుతుంది కాబట్టి, తిరిగినన్నాళ్లూ ఒకే వాహనాన్ని పట్టుకుని వేలాడాల్సిన పనిలేదు.

ఊరు పైన, పట్టాలు కింద

ఈ ఊళ్లలో చాలావాటికి రోమన్ల కంటే ముందటి ఎత్రుస్కన్లు పునాదులు వేశారు. కొండ మీద ఉంటే శత్రువు దూరం నుంచే కనపడతాడు. మరో కారణం దోమ. కొర్తోనాకూ మోంతెపుల్చానోకూ మధ్యనున్న కియానా లోయ శతాబ్దాల తరబడి మలేరియా పట్టిన చిత్తడి నేల. లోయలో ఇల్లు కట్టడమంటే జ్వరాన్ని పిలిచి పెట్టుకోవడమే. 18, 19 శతాబ్దాల్లో ఆ నీటిని మళ్లించి నేలను సాగులోకి తెచ్చారు. ఆ 19వ శతాబ్దంలోనే రైలొచ్చింది. ఆవిరి ఇంజను ఏటవాలు ఎక్కలేదు కనుక పట్టాలు నదుల వెంట, లోయల వెంట సాగాయి. కొండ మీది ఊరి పేరే పెట్టుకున్న స్టేషన్లు కిందనే వెలిశాయి. స్టేషను పేరుకూ ఊరికీ మధ్య ఎంత దూరమన్నది మ్యాపులో చూసుకోకుండా టికెట్టు కొనకూడదు. మోంతెపుల్చానో పేరుతో ఒక చిన్న స్టేషనుంది, అది ఊరికి చాలా దూరం. తెలిసినవాళ్లు కియూజీ స్టేషన్లో దిగి బస్సు పట్టుకుంటారు.

1977లో రోమ్ నుంచి కొత్త వేగవంతమైన రైలుమార్గం మొదటి భాగం తెరుచుకుంది. యూరప్‌లో ఆ తరహాలో అదే మొదటిది. ఫ్లోరెన్స్ దాకా పూర్తయ్యేసరికి 1992 వచ్చింది. ఫ్రెచ్చారోస్సా రైళ్లు ఈ మార్గం మీద రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు గంటన్నరలో చేరతాయి. ఓర్వియేతో కొండ కిటికీలో కనపడి వెళ్లిపోతుంది తప్ప బండి ఆగదు. కొండ ఊళ్లకు కావలసింది నిదానంగా పోయే ప్రాంతీయ రైళ్లు. వాటికి రిజర్వేషను లేదు, ముందు కొన్నా అప్పటికప్పుడు కొన్నా ఒకటే ధర. కాగితం టికెట్టయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి మెషీన్లో ముద్ర వేసుకోవాలి. ఫోన్‌లో కొన్నదైతే అందులోనే చెకిన్ చేయాలి. చేతిలో టికెట్టున్నా ఇది మరిస్తే జరిమానా తప్పదు.

నీటి బరువుతో ఎక్కిన బండి

ఓర్వియేతో స్టేషను ఎదురుగానే ఫునికోలారె ఉంది. పట్టాల మీద తీగ లాగగా ఏటవాలు ఎక్కే బండి. 1888లో దీన్ని ప్రారంభించినప్పుడు కరెంటు లేదు. పైనున్న పెట్టె అడుగున తొట్టి కట్టి నీళ్లు నింపేవారు. ఆ బరువుకు అది కిందికి దిగుతుంటే, తీగకు రెండో కొసనున్న పెట్టె జనంతో పైకి వచ్చేది. కిందికి చేరాక తొట్టి ఖాళీ చేసేవారు. పైన మళ్లీ నింపేవారు. ఎనభై ఏళ్లకు పైగా ఈ ఊరు నీటి బరువుతోనే కొండెక్కింది. 1970లో మూతపడి, 1990లో కరెంటు మోటారుతో తిరిగి మొదలైంది. ఇప్పటికీ పెట్టెలు రెండే, దారి ఒకటే. సరిగ్గా సగంలో పట్టాలు రెండుగా చీలతాయి. పైనుంచి వచ్చేది అటు, కిందినుంచి వెళ్లేది ఇటు తప్పుకుని మళ్లీ ఒకే దారిలో కలుస్తాయి. పాత కోట కింది సొరంగం దాటగానే పైకి చేరినట్టే. అంతా రెండు మూడు నిమిషాల పని. పైన కాహెన్ కూడలిలో చిన్న బస్సు సిద్ధంగా ఉంటుంది. 1290లో కట్టడం మొదలైన పెద్ద చర్చి దాకా అది తీసుకెళ్తుంది. నడవగలిగితే పదిహేను నిమిషాల దారి.

బస్సెక్కే ముందు ఆ కూడలి పక్కనే ఉన్న బావిని చూడండి. 1527లో చక్రవర్తి సేనలు రోమ్‌ను కొల్లగొట్టినప్పుడు పోప్ ఏడవ క్లెమెంట్ తప్పించుకుని ఓర్వియేతో చేరాడు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ తన పెళ్లిని రద్దు చేయించుకోవడానికి పంపిన రాయబారులు ఆయన్ను కలిసింది ఈ కొండ మీదే. శత్రువులు ముట్టడిస్తే కొండ మీద నీళ్లెలా అన్న భయంతో పోప్ బావి తవ్వించాడు. అంతోనియో ద సాంగాల్లో అనే వాస్తుశిల్పికి ఆ పని అప్పగించాడు. లోతు యాభై మీటర్ల పైచిలుకు. నీళ్లు తోడడం కాదు, నీళ్ల దాకా గాడిదలు దిగి రావాలి. దిగే గాడిద, ఎక్కే గాడిద ఎదురుపడితే మెట్ల మీద ఇరుక్కుపోతాయి. అందుకని సాంగాల్లో బావి గోడ చుట్టూ ఒకదాని మీద ఒకటి మెలితిరిగే రెండు మెట్ల వరసలు కట్టాడు. ఒక్కో దాంట్లో 248 మెట్లు. ఒకటి దిగడానికే, మరొకటి ఎక్కడానికే. అడుగున నీటి మీద చిన్న వంతెన రెంటినీ కలుపుతుంది. మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా, గాడిద కాలికి తగ్గట్టు ఉంటాయి. మధ్యనున్న గొట్టంలాంటి ఖాళీలోకి పైనుంచి పడే వెలుతురు వరస కిటికీల్లోంచి మెట్ల మీదికి వస్తుంది. కిటికీ దగ్గర నిలబడితే అవతలి వరసలో ఎక్కుతున్నవాళ్లు కనపడతారు, వాళ్లను మాత్రం కలుసుకోలేం. ఫునికోలారె రాకముందే రాకపోకల రద్దీని ఇంత తెలివిగా విడదీసిన ఊరిది. బావి పూర్తయింది 1537లో. క్లెమెంట్ అప్పటికే చనిపోయాడు, మూడవ పాల్ పోప్‌గా ఉన్నాడు.

కోట కడుపులోంచి ఎస్కలేటర్

అదే పోప్, అదే సాంగాల్లో. ఇప్పుడు పెరూజా వెళ్దాం. 1540లో మూడవ పాల్ ఉప్పు మీద పన్ను పెంచితే పెరూజా ఎదురు తిరిగింది, ఓడిపోయింది. ఊరిని అదుపులో పెట్టడానికి పోప్ అక్కడొక పెద్ద కోట కట్టించాడు. తిరుగుబాటుకు ముందు నిలిచిన బాల్యోనీ వంశం వాళ్ల ఇళ్లను పడగొట్టి, వీధులకు వీధుల మీద కప్పు వేసి, వాటినే పునాదిగా వాడుకుని సాంగాల్లో కోటను పైకి లేపాడు. ఎత్రుస్కన్ల నాటి నగరద్వారాన్ని పాడు చేయబుద్ధి కాక కోట గోడలో అమర్చాడు. 1860లో పోప్ పాలన పోగానే పెరూజా జనం గడ్డపారలతో కోట మీద పడి చాలావరకు కూల్చేశారు. దాంతో కప్పు కింద పడివున్న పాత వీధులు మిగిలాయి.

1983లో ఆ పాత వీధుల గుండా ఎస్కలేటర్లు వేశారు. దిగువన పార్తిజాని కూడలిలో బస్సు దిగినవాళ్లు, కారు ఆపుకున్నవాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎస్కలేటర్లెక్కి, నడుమ ఇటుక కమానుల కింద, ఎవరూ నివసించని ఇళ్ల గుమ్మాల పక్కగా నడిచి, పైన ఇటాలియా కూడలిలో తేలతారు. పొద్దున ఆఫీసుకు వెళ్లేవాళ్లకు, కాలేజీ పిల్లలకు ఇది రోజువారీ దారి. టికెట్టు లేదు. మ్యూజియంలో గాజు పెట్టెలో పెట్టాల్సినంత పాత వీధిని ఊరు రాకపోకలకు వాడుకుంటోంది. నేను చూసిన కొండ ఊళ్ల ఏర్పాట్లన్నింటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

రైల్లో వచ్చేవాళ్లకు మరో సదుపాయం ఉంది. ఫొంతివెజ్జె స్టేషను దగ్గర మినిమెట్రో ఎక్కొచ్చు. 2008లో మొదలైన దీనికి డ్రైవరు ఉండడు. తీగ లాగే చిన్న చిన్న పెట్టెలు ఒకటి వెళ్లిన కాసేపటికే మరొకటి వస్తాయి. మూడు కిలోమీటర్లు, ఏడు స్టేషన్లు. ఆఖరి స్టేషను పాత ఊరిని ఆనుకునే ఉంటుంది.

అసీసీ స్టేషను కొండ కిందనున్న సాంతా మరియా దెల్యి ఆంజెలి అనే ఊళ్లో ఉంది. బస్సు పావుగంటలోపే పైకి తీసుకెళ్తుంది. కానీ క్రైస్తవ యాత్రికులుగా వెళ్లేవాళ్లు ముందు కిందనే ఆగాలి. సెయింట్ ఫ్రాన్సిస్ 1226లో కన్నుమూసింది ఇక్కడే. ఆయన ప్రార్థన చేసుకున్న చిన్న గుడిని అలాగే ఉంచి, దాని మీద ఆకాశమంత బసిలికా కట్టారు. అక్కడి నుంచి పైకి నడిచి వెళ్లేవాళ్లకు ఇటుకలు పరిచిన దారి వేశారు. ప్రతి ఇటుక మీదా ఒక దాత పేరుంటుంది.

స్పోలేతోలో కొండ లోపలే ఎస్కలేటర్లు, కదిలే బాటలు వేశారు. కొర్తోనాకు కమూచా స్టేషన్లో దిగి బస్సెక్కాలి. ఓర్వియేతో చర్చిలో ప్రళయకాల చిత్రాలు వేసిన లూకా సిన్యోరెల్లి పుట్టిన ఊరది. వీటన్నింటినీ కలుపుతూ రైల్లోనే ఒక చుట్టు తిరగొచ్చు. రోమ్‌లో బయల్దేరి ఓర్వియేతో, కొర్తోనా, తెరొంతోలా జంక్షన్లో మారి పెరూజా, అసీసీ, స్పోలేతో చూసుకుని మళ్లీ రోమ్. స్టీరింగు ముట్టుకోనక్కర్లేదు.

బడి పిల్లల బస్సు

సియెనా దగ్గరికి వచ్చేసరికి రైలు వెనకబడుతుంది. ఎంపొలీ నుంచి సియెనాకు పట్టాలు 1849లోనే పడ్డాయి. కానీ ఫ్లోరెన్స్ నుంచి ఆ దారి చుట్టు తిరుగుడు, పైగా స్టేషను దిగువన. ఎదురుగా ఉన్న షాపింగ్ సెంటర్‌లోంచి వరసగా ఎస్కలేటర్లెక్కితే ఊరి ఉత్తర ద్వారం దగ్గరికి చేరతాం, అక్కడి నుంచి ఇంకా నడక. ఫ్లోరెన్స్ రైల్వే స్టేషను పక్క నుంచి బయల్దేరే ఎక్స్‌ప్రెస్ బస్సు గంటంబావులో పాత ఊరి అంచున దింపుతుంది. సియెనాకు బస్సే మేలు. జులై 2న, ఆగస్టు 16న కాంపో మైదానంలో పాలియో గుర్రప్పందేలు జరుగుతాయి. ఆ రెండు రోజులు మాత్రం ఏ బండైనా ఒకటే, జనసముద్రం.

సాన్ జిమిన్యానోకు రైలే లేదు. పోజ్జిబోన్సీ స్టేషను ముందు నుంచి బస్సు. ఒకప్పుడు 72 రాతి బురుజులుండేవని చెబుతారు, ఇప్పుడు 14 మిగిలాయి. ద్రాక్షతోటల మలుపుల్లో బస్సు తిరుగుతుంటే ఆ బురుజులు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనపడుతూ దగ్గరవుతాయి. దిగితే నేరుగా ఊరి ద్వారమే. వోల్తెర్రా కథ వేరు. 1912లో పళ్ల పట్టాల మీద రైలును ఆ కొండ మీదికి ఎక్కించారు, 1958లో ఆపేశారు. ఇప్పుడు బస్సొక్కటే దిక్కు.

ఈ పల్లె బస్సులు మన కోసం నడవవు. పిల్లల్ని బడికీ, పెద్దల్ని పనికీ చేర్చడానికి నడుస్తాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే టైంటేబుల్ మొత్తం అర్థమవుతుంది. పొద్దున ఏడూ ఎనిమిది మధ్య రెండు మూడు బస్సులు, బడి వదిలే మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత మళ్లీ ఒకటి రెండు, సాయంత్రం పెందలాడే ఆఖరిది. మధ్యలో గంటల తరబడి ఖాళీ. బస్టాపు స్తంభానికి తగిలించిన కాగితంలో ‘ఫెరియాలె’ అంటే సోమవారం నుంచి శనివారం దాకా. ‘ఫెస్తీవో’ అంటే ఆదివారాలు, పండగలు. ‘స్కొలాస్తికో’ అని ఉంటే బడి ఉన్న రోజుల్లోనే ఆ బస్సొస్తుంది. వేసవి సెలవుల్లో వెళ్లే మనవాళ్లు చూడాల్సింది సరిగ్గా ఈ మూడోదాన్నే. కొన్ని దారుల్లో ఆదివారం ఒక్క బస్సూ ఉండదు.

టస్కనీలో 2021 నవంబరు నుంచి ప్రాంతం మొత్తానికీ ఒకే సంస్థ, ఔతోలీనే తోస్కానే, బస్సులు నడుపుతోంది. కాబట్టి ఒకే యాప్‌లో అన్నీ చూసుకోవచ్చు. ఉంబ్రియాలో బుసితాలియా బస్సులు. టికెట్టు ఫోన్‌లో కొనొచ్చు, లేదా గుమ్మం మీద పెద్ద ‘టి’ అక్షరం బోర్డున్న పొగాకు కొట్లో తీసుకోవచ్చు. ఊళ్లలో ఆ కొట్టు మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం దాకా తెరవరు. తిరుగు టికెట్టు కూడా పొద్దునే కొని జేబులో పెట్టుకోండి. సమ్మెలూ తరచుగానే జరుగుతాయి, అయితే తేదీ ముందే ప్రకటిస్తారు. పనిరోజుల్లో సమ్మె జరిగినా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 దాకా నిర్ణీత ప్రాంతీయ రైళ్లు నడిపి తీరాలన్న నియమం ఉంది.

బస్సు మీద ఆధారపడి వెళ్లాల్సిన చోటు ఇంకొకటి చెప్పాలి, చివితా ది బాన్యోరెజో. ఓర్వియేతో నుంచి బస్సులో బాన్యోరెజో వెళ్లి, ఆ ఊరు దాటి నడిస్తే లోయ నడుమ ఒంటరి గుట్ట మీద చివితా కనపడుతుంది. కింద మెత్తటి బంకమన్ను, పైన అగ్నిపర్వతపు రాయి. వానకు మన్ను కొట్టుకుపోయే కొద్దీ పైనున్న రాయి, దానితోపాటు ఇళ్లు విరిగి పడుతూ వచ్చాయి. పాత వంతెనను రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వెనక్కి వెళ్తూ పేల్చేశారు. 1965లో కట్టిన కాలినడక వంతెన ఒక్కటే ఇప్పుడు దారి. 2013 నుంచి చూడవచ్చేవాళ్ల దగ్గర రుసుము తీసుకుంటున్నారు. శాశ్వతంగా ఉంటున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏటవాలు వంతెన మీద ఎండ నేరుగా పడుతుంది కనుక వేసవిలో పొద్దునే వెళ్లిరావడం మంచిది.

కారు గోడ బయటే

కారు అక్కర్లేదని నేననను. సియెనాకు దక్షిణాన ఓర్చా లోయ ఉంది. గోధుమ చేల గుట్టలు, సైప్రెస్ చెట్ల వరసలు, పోప్ రెండవ పియుస్ తన పుట్టిన పల్లెను 1459 నుంచి తిరగకట్టించి నిలబెట్టిన పియెంజా, ద్రాక్షసారాకు పేరుపడ్డ మోంతాల్చీనో అన్నీ అక్కడే. అక్కడి అందం ఊళ్ల మధ్యనే ఉంది. నచ్చిన మలుపు దగ్గర బస్సు ఆగదు. అక్కడ రెండు మూడు రోజులు కారు తీసుకోవడం సబబే.

అయితే తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. మన లైసెన్సుతో పాటు ఇక్కడి ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, అది ఏడాదే చెల్లుతుంది. అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి. అద్దె కార్లలో గేర్లవే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పుకోవాలి. టోల్ గేటు దగ్గర పసుపు రంగు తెలెపాస్ వరసలోకి పోకూడదు. నేల మీద తెల్ల గీతలుంటే పార్కింగు ఉచితం, నీలం గీతలుంటే డబ్బు కట్టాలి, పసుపైతే మనకు కాదు.

అన్నింటికంటే ముఖ్యం జెడ్‌టీఎల్. వాహనాలకు పరిమితి ఉన్న ప్రాంతం అని దానర్థం. సియెనా 1960లలోనే పాత ఊళ్లోకి కార్లను ఆపింది. ఇప్పుడు దాదాపు ప్రతి కొండ ఊరికీ ఈ గీత ఉంది. గేటు ఉండదు, పోలీసు ఉండడు. తెల్ల పలక మీద ఎర్రటి వలయం, కింద వేళలు, పైన కెమెరా ఉంటాయి. ఎలక్ట్రానిక్ బోర్డు మీద ‘వార్కో ఆత్తీవో’ అని వెలుగుతుంటే ఆంక్ష అమల్లో ఉన్నట్టు. లోపలికి పోతే కెమెరా నంబరు తీసుకుంటుంది. దాటిన ప్రతిసారీ వేరే జరిమానా. విదేశీయులకు నోటీసు పంపడానికి చట్టం 360 రోజుల గడువిచ్చింది. అంటే ఇంటికొచ్చి ప్రయాణం సంగతే మరచిపోయాక కూడా ఉత్తరం రావచ్చు. వివరాలు ఇచ్చినందుకు కారు అద్దె సంస్థ వేరుగా రుసుము తీసుకుంటుంది. హోటలు గోడ లోపల ఉంటే కారు నంబరు ముందే వాళ్లకిచ్చి నమోదు చేయించుకోవాలి. ఫోన్‌లోని మ్యాపు చెప్పిందని దూసుకుపోవద్దు.

యూరప్‌లో ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులు ఈమధ్య ఇటలీని తమ జాబితాలో తప్పకుండా చేర్చుకుంటున్నారు. వాళ్ల మోకాళ్లను దృష్టిలో పెట్టుకోండి. మోంతెపుల్చానోలో ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం ఎనభై కిలోల పీపాలను కిలోమీటరుకు పైగా పైకి దొర్లించుకుంటూ పందెం పెడతారు. ఆ ఎగుడు వీధిలోనే మీ అమ్మగారు నడవాల్సి ఉంటుంది. అందమైన ఊరే, కానీ అక్కడ ఎస్కలేటరు లేదు. ఓర్వియేతో, పెరూజా, స్పోలేతోల్లో ఊరే మనల్ని పైకి ఎత్తుతుంది. చక్రాల సూట్‌కేసు రాళ్లు పరిచిన వీధిలో దొర్లదు. పెద్ద సామాను రోమ్‌లోనో ఫ్లోరెన్స్‌లోనో వదిలి, చేతి సంచితో వెళ్లండి.

నా మాట అడిగితే, మొదటిసారి వెళ్లేవాళ్లు ఓర్వియేతో, పెరూజా, అసీసీ రైల్లో చూడండి. ఫ్లోరెన్స్‌లో ఉంటే సియెనాకు బస్సెక్కండి. సమయం మిగిలితే ఓర్చా లోయకు మాత్రమే కారు తీసుకుని, దాన్ని గోడ బయటే ఆపండి. హోటలు బుక్ చేసే ముందు ఆ రోజు ఆదివారమో కాదో ఒకసారి క్యాలెండర్ చూడండి.